యూకే ఫ్లాట్లలో కమ్యూనల్ హీటింగ్: బాగుచేయించడానికి ప్రభుత్వ గ్రాంట్ ఎలా తెప్పించుకోవాలి

అక్టోబరు వచ్చిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో అదే ప్రశ్న. "అన్నా, మా ఫ్లాట్‌లో బాయిలరే లేదు, బ్లాక్ అంతటికీ కింద ఒకటే ఉంది. బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంటోంది. సప్లయర్‌ని మార్చుకుందామంటే కుదరదట. గవర్నమెంట్ గ్రాంట్ ఏదో ఉందంటున్నారు, ఎలా అప్లై చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి, ఇక అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందే ఒక మాట. గ్రాంట్ మీ పేరున రాదు. ఫ్లాట్ మీదైనా సరే, అద్దెకున్నా సరే, మీరు నేరుగా ఫారం నింపలేరు. బ్లాక్ హీటింగ్‌ని నడిపేవాళ్లే అప్లై చేయాలి. వాళ్లు అప్లై చేయక తప్పని పరిస్థితి తేవడం, అందుకు కావలసిన లెక్కలు చేతికి అందించడం మీ పని. ఈ రెండూ జరిగిన చోటే పని కదులుతుంది. ఉత్త ఫిర్యాదులతో కదలదు. మా బ్లాక్‌లో మొదటి ఏడాది మేం రాసిన మెయిల్స్ అన్నింటికీ మేనేజింగ్ ఏజెంట్ నుంచి ఒకటే జవాబు: "సిస్టమ్ బాగానే పనిచేస్తోంది." రెండో ఏడాది అంకెలతో రాశాం. వారంలో మీటింగ్ పెట్టారు.

పథకం ఏమిటి

మన కమ్యూనల్ హీటింగ్ లాంటివాటిని ప్రభుత్వ కాగితాల్లో హీట్ నెట్‌వర్క్ అంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో దీనికోసం ఉన్నది హీట్ నెట్‌వర్క్ ఎఫిషియెన్సీ స్కీమ్, పొట్టిగా హెచ్‌ఎన్‌ఈఎస్. ఇంధన భద్రత, నెట్ జీరో శాఖ డబ్బు. 2023లో 3.2 కోట్ల పౌండ్లతో ప్రధాన పథకం మొదలైంది, తర్వాత మరికొంత నిధి కలిపారు. ఇప్పటికే నడుస్తున్న పాత సిస్టమ్‌లను బాగుచేయడానికే ఇది. కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు, ప్రైవేటు యజమానులు అందరూ అడగవచ్చు.

డబ్బు రెండు రకాలుగా ఇస్తారు. మొదటిది, బయటి నిపుణుల చేత సిస్టమ్‌ని పరీక్ష చేయించడానికి. దాన్ని ఆప్టిమైజేషన్ స్టడీ అంటారు. రెండోది, ఆ స్టడీ చెప్పిన రిపేర్లు చేయించడానికి అయ్యే ఖర్చులో కొంత. అంతా ఇవ్వరు, మిగతాది నడిపేవాళ్లు వేసుకోవాలి.

రౌండ్ల వారీగా దరఖాస్తులు తీసుకుంటారు. మీరు ఇది చదివేనాటికి రౌండ్ తెరిచి ఉందో లేదో గవ్ డాట్ యూకేలో చూసుకోండి. మూసి ఉన్నా కింది మొదటి నాలుగు పనులు ఆపకండి. రౌండ్ తెరిచాక లెక్కలు మొదలుపెట్టినవాళ్లకు గడువు చాలదు.

స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లకు ఈ పథకం వర్తించదు, అక్కడి ప్రభుత్వ పథకాలు వేరు. గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టించాలన్న ఆలోచన ఉంటే అది ఇంగ్లండ్‌లో గ్రీన్ హీట్ నెట్‌వర్క్ ఫండ్ కిందికి వస్తుంది. రెండూ కలిపి అడిగితే దరఖాస్తు ఎటూ కాకుండా పోతుంది.

కావలసినవి

- గత 12 నెలల మీ హీటింగ్ బిల్లులు, సర్వీస్ చార్జ్ స్టేట్‌మెంట్
- బ్లాక్‌లో కనీసం పదిమంది పొరుగువాళ్ల సహకారం
- గది ఉష్ణోగ్రత చూపే చిన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు మూడు
- ఫోన్ కెమెరా, ఒక గూగుల్ షీట్
- బాయిలర్ రూం గ్యాస్ మీటర్ రీడింగ్‌లు (ఇవి అడిగి తెచ్చుకోవాలి, 3వ స్టెప్ చూడండి)

1. మీది నిజంగా కమ్యూనల్ హీటింగేనా, నడిపేది ఎవరు?

కప్‌బోర్డ్‌లో గోడకి ఒక పెట్టె, దానికి వచ్చీపోయే లావు పైపులు, పక్కన హీట్ మీటర్ ఉండి, మీ ఫ్లాట్‌కి హీటింగ్ కోసం సొంత గ్యాస్ కనెక్షన్ లేకపోతే మీది కమ్యూనల్ హీటింగే. ఆ పెట్టెను హెచ్‌ఐయు (హీట్ ఇంటర్‌ఫేస్ యూనిట్) అంటారు. అందులో బాయిలర్ ఉండదు. కింది నుంచి వచ్చే వేడిని మీ రేడియేటర్లకీ కుళాయిలకీ అందించడమే దాని పని. మన ఇళ్లలో చాలామంది చలికాలంలో దోశ పిండి గిన్నె ఆ కప్‌బోర్డ్‌లోనే పెడతారు, రాత్రికి రాత్రే పొంగుతుంది. పిండికి మంచిదే. కానీ ఆగస్టులో కూడా అంత వేడిగా ఉంటే ఆ వేడికి డబ్బు కడుతున్నది మీరే. దాన్ని మొదటి గుర్తుగా రాసిపెట్టుకోండి.

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు: బిల్లు మీద పేరున్న కంపెనీకి రాస్తారు. అది చాలాసార్లు మీటర్ చదివి బిల్లు పంపే సంస్థ మాత్రమే. సిస్టమ్ వాళ్లది కాదు. సిస్టమ్‌ని నడిపేది ఫ్రీహోల్డరా (బిల్డింగ్ అసలు యజమాని), హౌసింగ్ అసోసియేషనా, కౌన్సిలా, ఎనర్జీ కంపెనీయా, లేక బిల్డింగ్ నిర్వహణకు మీరంతా కలిసి పెట్టుకున్న రైట్ టు మేనేజ్ కంపెనీయా అన్నది లీజు, సర్వీస్ చార్జ్ డిమాండ్ చూస్తే తెలుస్తుంది. తెలియకపోతే మేనేజింగ్ ఏజెంట్‌ని ఒక్క వాక్యంలో అడగండి: "ఈ బిల్డింగ్‌లో హీట్ నెట్‌వర్క్ ఆపరేటర్ ఎవరు?" ఆపరేటర్ అన్న మాట తప్పకుండా వాడండి.

రైట్ టు మేనేజ్ ఉన్న బ్లాక్ అయితే మీ డైరెక్టర్లే పని ముందుకు నడపవచ్చు. అలాంటివాళ్లు 4వ స్టెప్ వదిలేయండి.

2. ఫ్లాట్లలో ఆధారాలు పోగుచేయండి

ఒక వారాంతం పెట్టుకుంటే అయిపోతుంది. పదిమందీ ఇవే చూడాలి:

*కారిడార్ వేడి.* ప్రతి అంతస్తులోనూ పైపులకి మరీ దగ్గరగా కాకుండా, ఎండ పడని చోట థర్మామీటర్ పెట్టి ఉదయం, రాత్రి ఫొటో తీయండి. తేదీ కనపడాలి. 28 డిగ్రీల అంకె గుర్తుంచుకోండి. బిల్డింగ్ ఇంజనీర్లు వాడే టీఎం 59 అనే మార్గదర్శిక ప్రకారం కారిడార్ ఏడాదిలో 3 శాతం గంటల కంటే ఎక్కువసేపు 28 డిగ్రీలు దాటితే దాన్ని ప్రమాదంగా చూపించాలి. నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తయ్య ఓ జనవరిలో ఫ్లాట్ కన్నా బయటే వెచ్చగా ఉందని తలుపు తీసి, కారిడార్‌లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలిచింది. ఆ రోజు అక్కడ 29 డిగ్రీలు. ఆ ఫొటోనే తర్వాత మీటింగ్‌లో అందరి ముందూ పెట్టాం.

*ఖాళీగా ఉన్నప్పుడు మీటర్.* ఇంట్లో రేడియేటర్లన్నీ ఆపండి, వేడినీళ్లు వాడకండి. అరగంట ఆగి హీట్ మీటర్ బటన్ నొక్కుకుంటూ పోతే గంటకు ఎన్ని లీటర్లు పారుతోందో చూపిస్తుంది. సున్నా గానీ, దానికి దగ్గరగా గానీ ఉండాలి. కొన్ని హెచ్‌ఐయులు కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావాలని మధ్యమధ్యలో కాస్త నీటిని లాక్కుంటాయి, అందుకే ఒక్కసారి చూసి తేల్చేయకండి, గంటలో ఐదారుసార్లు చూడండి. ప్రతిసారీ నీరు పారుతూనే ఉండి, వచ్చే నీటి వేడీ తిరిగిపోయే నీటి వేడీ దాదాపు ఒకటే అయితే లోపల వాల్వ్ సరిగా మూసుకోవడం లేదన్న అనుమానం బలపడుతుంది. మీటర్ మీద రెండు ఉష్ణోగ్రతలూ కనిపిస్తాయి. ఫొటో తీయండి.

*వేడినీళ్ల ఆలస్యం.* వంటింటి కుళాయి తిప్పి, చేతికి వేడి తగిలేదాకా ఎన్ని సెకన్లో ఫోన్‌లో లెక్కపెట్టండి. ఉదయం 7 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి.

*హీటింగ్ ఆగిపోయిన రోజులు.* తేదీలు, ఎన్ని గంటలు, ఇంట్లో చంటిపిల్లలు, పెద్దవాళ్లు, అనారోగ్యంతో ఉన్నవాళ్లు ఉన్నారా అన్నది. దీన్ని చిన్నగా చూడకండి. కార్బన్ తగ్గించడంతో పాటు జనం పడుతున్న ఇబ్బంది తగ్గించడం కూడా ఈ పథకం లక్ష్యాల్లో ఉంది. దరఖాస్తులో ఇంజనీర్లు రాయలేని భాగం ఇదే, మీరు మాత్రమే ఇవ్వగలరు.

హెచ్చరిక: హెచ్‌ఐయు మూత తీయకండి, వాల్వులు తిప్పకండి. లోపల బాగా వేడి నీరు ప్రెషర్‌తో ఉంటుంది, చేతులు కాలతాయి. పైగా చాలాచోట్ల ఆ పెట్టె ఆపరేటర్ ఆస్తి. మీరు ముట్టుకున్నారని తెలిస్తే తప్పంతా మీ మీదికి తోస్తారు.

3. అసలు లెక్క: లోపలికి ఎంత, బయటికి ఎంత

ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే సగం పని అయినట్టే. రెండు అంకెలు కావాలి. ఏడాదిలో బాయిలర్ రూంకి వచ్చిన గ్యాస్ ఎంత, ఫ్లాట్ల మీటర్లన్నీ కలిపి చూపించిన వేడి ఎంత.

లీజ్‌హోల్డర్లకు (ఫ్లాట్ లీజు మీద కొనుక్కున్నవాళ్లకు) 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 21 కింద సర్వీస్ చార్జ్ ఖర్చుల సారాంశం అడిగే హక్కుంది. అది అందాక ఆరు నెలల్లోపు సెక్షన్ 22 కింద రసీదులు చూపించమనవచ్చు. గ్యాస్ ఖర్చు సర్వీస్ చార్జ్‌లో ఉంటే గ్యాస్ బిల్లులు అందులో దొరుకుతాయి. వేడిని విడిగా బిల్లు వేస్తుంటే ఆపరేటర్‌నే అడగాలి. అద్దెకున్నవాళ్లు ఓనర్ చేత అడిగించండి, మన ఓనర్లలో చాలామందికి ఈ హక్కు సంగతి తెలియదు.

ఉదాహరణకి 60 ఫ్లాట్ల బ్లాక్ అనుకోండి. ఏడాదికి గ్యాస్ 6,00,000 యూనిట్లు (యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్). ఫ్లాట్లకు చేరిన వేడి 2,40,000 యూనిట్లు. అంటే 40 శాతం. బాయిలర్‌లో పోయేది 15 శాతం అనుకున్నా, పైపుల్లోకి 5,10,000 యూనిట్లు వెళ్లాయి, ఫ్లాట్లకి 2,40,000 చేరాయి. మిగిలిన 2,70,000 యూనిట్లు దారిలోనే పోయాయి. ఒక్కో ఫ్లాట్‌కి 4,500. ఏడాది పొడవునా పగలూ రాత్రీ మీ పేరున ఒక 500 వాట్ల హీటర్ కారిడార్‌లో వెలుగుతూ ఉన్నట్టు.

డబ్బులో చూడండి. గ్యాస్ యూనిట్ 6 పెన్నీలనుకుంటే, 40 శాతం సిస్టమ్‌లో మీకు చేరే ఒక యూనిట్ వేడికి గ్యాస్ ఖర్చే 15 పెన్నీలు. అదే సిస్టమ్ 60 శాతానికి వస్తే 10 పెన్నీలు.

ఈ లెక్కలో జరిగే తప్పులు మూడు.

మొదటిది, గ్యాస్ మీటర్ ఘనపు మీటర్లలో చూపిస్తుంది. దాన్నే యూనిట్లు అనుకుని లెక్కేస్తే సిస్టమ్ అద్భుతంగా ఉందని వస్తుంది. ఒక ఘనపు మీటర్ అంటే సుమారు 11 యూనిట్లు. రెండోది, ఖాళీగా ఉన్న ఫ్లాట్లు, పనిచేయని మీటర్లు, అంచనా రీడింగ్‌లు. ఎన్ని మీటర్లు నిజంగా చదివారో అడగండి, ఐదారు తప్పు మీటర్లు చాలు లెక్క మొత్తం తారుమారు కావడానికి. మూడోది, ఒక్క నెలతో తేల్చేయడం. ఎండాకాలంలో వాడకం తక్కువ, పైపుల నష్టం మాత్రం అలాగే ఉంటుంది, కాబట్టి శాతం ఘోరంగా కనిపిస్తుంది. 12 నెలలూ కావాలి.

4. ఆపరేటర్‌కి ఉత్తరం

ఒక్కరు కాకుండా అందరి తరఫునా వెళ్లాలి. రెసిడెంట్స్ అసోసియేషన్ ఉంటే దాని పేరున, లేకపోతే సంతకాలతో. కోపమంతా వెళ్లగక్కే ఉత్తరం వద్దు. ఒక పేజీ చాలు:

- 12 నెలల లెక్క, వచ్చిన శాతం
- మూడు నాలుగు ఫొటోలు, హీటింగ్ ఆగిన తేదీల పట్టిక
- "హెచ్‌ఎన్‌ఈఎస్ కింద ఆప్టిమైజేషన్ స్టడీ కోసం దరఖాస్తు చేస్తారా? చేయకపోతే కారణం రాతపూర్వకంగా తెలపండి" అన్న సూటి ప్రశ్న
- జవాబుకి తేదీ

ఇంకొక పేరా తప్పక చేర్చండి. 2026 జనవరి 27 నుంచి హీట్ నెట్‌వర్క్‌లు ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నియంత్రణలోకి వచ్చాయి. టెక్నికల్ ప్రమాణాలు కూడా రాబోతున్నాయి. ఎలాగూ బాగుచేయక తప్పదు, గ్రాంట్ దొరికేటప్పుడు చేస్తే ఆపరేటర్‌కే ఖర్చు తగ్గుతుంది. బతిమాలే మాటల కన్నా ఈ మాటకే విలువిస్తారు. అయితే ఆఫ్‌జెమ్ వచ్చింది కదా అని కరెంటు, గ్యాస్‌లకు ఉన్న ప్రైస్ క్యాప్ మన వేడి బిల్లుకీ ఉంటుందనుకోకండి, అది వర్తించదు.

జవాబు రాకపోతే? ముందు వాళ్ల ఫిర్యాదు పద్ధతిలోనే అధికారికంగా ఫిర్యాదు చేయండి. ఎనిమిది వారాలు గడిచినా తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి హీట్ నెట్‌వర్క్ వినియోగదారులకూ ఆ దారి తెరిచారు. సలహా కావాలంటే సిటిజన్స్ అడ్వైస్. అంబుడ్స్‌మన్ గ్రాంట్‌కి అప్లై చేయమని ఆదేశిస్తారని ఆశపడకండి. కానీ ఫైల్ అక్కడికి చేరిందంటే ఆపరేటర్‌లో కదలిక వస్తుంది.

5. స్టడీ బాగా జరిగేలా చూడండి

రిపేర్లకు డబ్బు అడగాలంటే ముందు ఈ స్టడీ ఉండాలి, అదీ పథకం అడిగిన పద్ధతిలో ఉండాలి. మామూలు సర్వీస్ ఇంజనీర్ రాసిన రెండు పేజీల రిపోర్టు పనికిరాదు.

నిపుణులు వచ్చినప్పుడు బాయిలర్ రూం చూసి వెళ్లిపోతే సగం జబ్బు దొరకదు. వాళ్లు ఫ్లాట్లలోకి రావాలి. ఆ రోజు తలుపులు తీసే బాధ్యత మీ గ్రూప్ తీసుకోండి. పనికి వెళ్లేవాళ్లు తాళాలు పక్కింటివాళ్లకి ఇచ్చినా సరే. మా దగ్గర వచ్చినావిడ ఒక ఫ్లాట్‌లో స్ట్రైనర్ (నీటిలో చెత్తను పట్టే వడపోత) విప్పి, జాలీలో పేరుకున్న నల్లటి బురదని టిష్యూ మీద వేసి చూపించింది. కాటుకలా ఉంది. ఆ ఫ్లాట్‌లో రెండేళ్లుగా వేడినీళ్లు సరిగా రాకపోవడానికి కారణం అది. అన్నాళ్లూ వాళ్లకి "షవర్ హెడ్ మార్చుకోండి" అనే చెబుతూ వచ్చారు.

రిపోర్ట్ వచ్చాక ఇవి ఉన్నాయో లేదో చూడండి: ఇప్పటి ఎఫిషియెన్సీ ఎంత, బయల్దేరే నీరు, తిరిగొచ్చే నీరు ఎన్ని డిగ్రీలు, ఏ పనికి ఎంత ఖర్చు, ఎంత ఆదా, ఏది ముందు ఏది తర్వాత. తిరిగొచ్చే నీరు ఎంత చల్లబడితే అంత మంచిది. కొత్త సిస్టమ్‌లను సుమారు 70 డిగ్రీలతో పంపి 40తో వెనక్కి రప్పించేలా కడతారు. మీ దగ్గర 80తో వెళ్లి 72తో వస్తుంటే నీరు ఊరికే ఊరేగి వస్తోందన్నమాట.

6. రిపేర్ల గ్రాంట్: గడువుతో పరుగు

అప్లై చేసేది ఆపరేటరే అయినా ఇక్కడ మీరు కళ్లు తెరుచుకుని ఉండాలి. ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది ఈ దశలోనే.

గ్రాంట్ ఖాయం కాకముందే పని మొదలుపెడితే ఆ ఖర్చుకి డబ్బు రాదు. "త్వరగా అయిపోతుంది" అని ఎవరైనా ముందే కాంట్రాక్ట్ ఇస్తుంటే ఆపండి.

ఆపరేటర్ వేసుకోవలసిన వాటా చివరికి లీజ్‌హోల్డర్ల మీదికే రావచ్చు. పని ఖర్చు ఒక్కో లీజ్‌హోల్డర్‌కి 250 పౌండ్లు దాటితే అదే 1985 చట్టం సెక్షన్ 20 కింద వాళ్లతో సంప్రదింపులు తప్పనిసరి. ఒక్కోటి కనీసం 30 రోజులుండే రెండు దశలు, మధ్యలో కొటేషన్లు, కలిపి మూడు నెలలు ఎలాగూ పడుతుంది. గ్రాంట్ డబ్బు ఖర్చుపెట్టడానికి గడువుంటుంది. రెండూ ఢీకొట్టుకోకుండా ఉండాలంటే దరఖాస్తు తయారవుతున్నప్పుడే మొదటి నోటీసు పంపించమనండి. ఈ సంప్రదింపులు సరిగా జరపకపోతే, ట్రిబ్యునల్ మినహాయింపు ఇస్తే తప్ప, ఆపరేటర్ మీ దగ్గర 250 పౌండ్లకు మించి వసూలు చేయలేరు. ఆ భయంతోనే కొందరు గ్రాంట్ వదులుకుంటారు. ముందుగా గుర్తుచేస్తే వదులుకోరు.

మీరు రాతపూర్వకంగా తీసుకోవలసిన హామీ ఒకటుంది: గ్రాంట్‌గా వచ్చిన మొత్తాన్ని పని ఖర్చులోంచి తీసేసి, మిగిలినదాన్నే పంచుతాం అని. నోటి మాట చాలదు. తర్వాత సర్వీస్ చార్జ్ న్యాయంగా లేదనిపిస్తే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్ ముందు ఆ కాగితమే మాట్లాడుతుంది.

7. పని జరిగేటప్పుడు

వీలైనంత వరకు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు. తిరిగి వచ్చి సరిచేయడానికి కొన్ని వారాలు చలికాలంలో కూడా ఉంచుకోవాలి, ఎందుకంటే కొన్ని తప్పులు చలి పడితే గానీ బయటపడవు.

ఇన్సులేషన్ వేశాక పైపుల పొడవునా నడిచి చూడండి. నున్నటి పైపు మీద చక్కగా వేసి, వాల్వుల దగ్గర, మలుపుల దగ్గర, గోడలోకి వెళ్లే చోట వదిలేస్తారు. అసలు వేడి పోయేది అక్కడే. చేయి దగ్గరగా పెడితే సెగ తగలకూడదు. వాల్వులకి తీసి పెట్టుకునే జాకెట్లు ఉంటాయి, అవి అడగండి.

హెచ్‌ఐయులు మార్చారంటే పని అయిపోలేదు. ప్రతిదాన్నీ మీ ఫ్లాట్‌కి తగ్గట్టు సెట్ చేయాలి, రేడియేటర్లు బ్యాలెన్స్ చేయాలి. సెట్ చేసిన కాగితం ఫ్లాట్‌కి ఒకటి చొప్పున అడగండి. అరవై ఫ్లాట్లకీ ఒకే అంకెలున్న కాగితాలు వస్తే ఫొటోకాపీ కొట్టారని అర్థం.

గ్రాంట్ రాకపోతే? అన్నీ లక్షల పౌండ్ల పనులు కావు. వాల్వ్ జాకెట్లు, మూసుకోని బైపాస్‌లను (వేడినీరు ఫ్లాట్లకు పోకుండానే వెనక్కి తిరిగే అడ్డదారులను) మూయడం, పంపుల వేగం తగ్గించడం, బయట చలిని బట్టి నీటి వేడి మారేలా కంట్రోలర్ సెట్ చేయడం, స్ట్రైనర్లు కడగడం తక్కువ ఖర్చుతో అవుతాయి. వీటితో మొదలుపెట్టమని అడగండి. నీటి వేడి తగ్గించే ముందు మాత్రం నిపుణుల మాట తప్పనిసరి. ఎక్కడైనా వేడినీళ్ల ట్యాంకులుంటే అవి 60 డిగ్రీల వద్ద ఉండాలి, లేకపోతే లెజియొనెల్లా బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

8. ఫలితం ఎలా చూసుకోవాలి

"ఈసారి చలి తక్కువ కాబట్టి బిల్లు తగ్గింది" అని ఒకరు, "కాదు, రిపేర్ల వల్లే" అని ఇంకొకరు వాదించుకోవడం ప్రతిచోటా ఉంటుంది. దీనికి తేలికైన దారి ఆగస్టు. ఆ నెలలో రేడియేటర్లు వాడరు. గ్యాస్ పోయేది వేడినీళ్లకీ, పైపుల నష్టానికీ మాత్రమే. రిపేర్లకు ముందు ఆగస్టు గ్యాస్ రీడింగ్‌నీ, తర్వాతి ఆగస్టు రీడింగ్‌నీ పక్కపక్కన పెట్టండి. తేడా స్పష్టంగా కనిపించాలి. ఆగస్టుని జనవరితో పోల్చకండి.

రెండోది, 3వ స్టెప్‌లోని 12 నెలల లెక్క మళ్లీ వేయండి. పై ఉదాహరణలో 40 నుంచి 60 శాతానికి వస్తే అదే వేడికి గ్యాస్ 4,00,000 యూనిట్లు చాలు. 6 పెన్నీల చొప్పున ఏడాదికి 12,000 పౌండ్ల ఆదా.

మూడోది చాలామంది మరిచిపోతారు. ఆ ఆదా మీ బిల్లులోకి దానంతట అది రాదు. యూనిట్ రేటు మళ్లీ లెక్కకట్టమని ఆపరేటర్‌ని అడగాలి. పాత రేటే కొనసాగితే పైపులు బాగుపడ్డాయి, మీ బిల్లు బాగుపడలేదు. కొత్త రేటు ఏ గ్యాస్ ధర మీద, ఏ ఎఫిషియెన్సీ మీద కట్టారో చూపించమనండి. స్టాండింగ్ చార్జ్ పెంచి యూనిట్ రేటు తగ్గించారేమో కూడా చూడండి, రెండూ కలిపి ఏడాదికి ఎంతవుతుందో లెక్కేస్తే తెలిసిపోతుంది.

నాలుగోది, 2వ స్టెప్‌లోని పరీక్షలన్నీ అవే ఫ్లాట్లలో, అవే చోట్ల, ఏడాది తర్వాత అదే నెలలో మళ్లీ చేయండి. కారిడార్ థర్మామీటర్ పెట్టిన చోట గోడ మీద చిన్న స్టిక్కర్ అంటించి ఉంచితే చోటు మారదు. మాది రెండో అంతస్తు లిఫ్ట్ పక్కన ఇంకా అలాగే ఉంది. నెలకోసారి ఎవరో ఒకరు ఫొటో తీసి షీట్‌లో పెడుతున్నారు.